చద్ది నొప్పి

సంచిలో ముందు రెండు నైటీలు పెట్టింది. వాటి మీద ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫారం. కొబ్బరినూనె సీసా మూత వదులైపోయిందని దానికి ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరుబ్యాండు బిగించి, పక్కన ఇరికించింది. రత్నం సంచి సర్దుతూంటే నేను చూడలేను. వంటింట్లోకి వెళ్తాను. అక్కడా కాలు నిలవదు, మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడతాను.

"ఏటత్తా, కాపలా కాస్తున్నావా? ఏటెత్తుకు పోతాననీ?"

"ఆవకాయ పెట్టుకున్నావా?"

"పోయినసారి పెట్టిందే అవలేదు."

"అంటే అన్నం తినటం లేదన్నమాట."

"తింటున్నానే. ఆకలెయ్యటం తెలవటం లేదంతే."

నూకరత్నం మా కోడలు. నా కొడుకు చేపల బోటు మీద వెళ్ళి రాలేదు. అంతకుముందు వాడి తండ్రి ట్రంకు పెట్టె పట్టుకుని పారాదీప్ పోర్టులో పనికని వెళ్ళి అక్కడే పోయాడు. ఇద్దరి సామానూ నేనే సర్దాను. అందుకే రత్నం తన సంచి తనే సర్దుకుంటుంది. "నీ చెయ్యి తగలనివ్వను అత్తా, అచ్చిరాదు" అని నవ్వుతుంది. నవ్వుతూ అన్నా నిజంగానే తగలనివ్వదు.

కొండ మీది ఆసుపత్రిలో పొత్తు వార్డని ఒకటి పెట్టారు. తలకి దెబ్బ తగిలి, మాటా పలుకూ లేక, కళ్ళు తెరవకుండా నెలల తరబడి పడుకుని ఉండేవాళ్ళు అందులో ఉంటారు. వాళ్ళని కనిపెట్టుకుని ఉండటం రత్నం ఉద్యోగం. రెండేసి వారాలు అక్కడే క్వార్టర్స్‌లో ఉండాలి. మధ్యలో రెండు రోజులు ఇంటికి పంపుతారు.

ఈసారి ఇంటికి వచ్చినప్పుడు పొయ్యి మీది గంజి గిన్నెని గుడ్డ లేకుండా వట్టి చేతులతో దించింది. నేను కేక పెట్టాను. తను పెట్టలేదు. నింపాదిగా గిన్నె కింద పెట్టి, ఎర్రబడిన వేళ్ళ వంక చూసుకుని, "ఇది ఎవరిదత్తా?" అంది.

"ఏటి ఎవరిది?"

"మంట."

ఆమె వేళ్ళకి వెన్న రాస్తూ, నీదే తల్లీ, నీదేనని ఎన్నిసార్లు చెప్పానో. సరే సరే అంటూ తల ఊపింది, దుకాణంవాడు పెద్ద నోటు తీసుకుని వెలుతురుకి పెట్టి చూసినట్టు వేళ్ళని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

*

కొడుకు పోయాక రత్నాన్ని పుట్టింటికి పొమ్మన్నాను. వెళ్ళలేదు. రోగుల్ని చూసుకునే పనికి కోర్సు ఉందని తెలిసి అందులో చేరింది. చదువు మానేసి చాలా ఏళ్ళయింది కాబట్టి సాయంత్రాలు నేనే పుస్తకం పట్టుకుని అప్పజెప్పించుకునేదాన్ని. నాకు బడి లేదు. బజ్జీల పొట్లాలు కట్టిన కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఆ తర్వాత దొరికిందల్లా చదివాను. అయితే మనిషి లోపల ఇన్ని పేర్లు ఉంటాయని ఆ పుస్తకం చూసేదాకా నాకు తెలియదు. భుజం కింది రెక్కకి ఒక పేరు, అరిచేతి మూలలోని బఠాణీ గింజంత ఎముకకి ఒక పేరు.

కడుపు పాఠం వచ్చిన రోజు రత్నం నన్ను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టింది. చీర మీదే సుద్దముక్కతో అడ్డం రెండు గీతలు, నిలువు రెండు గీతలు గీసింది. తొమ్మిది గళ్ళు.

"ఒలే, తొక్కుడుబిళ్ళ ఆడతావేటి నా మీద?"

"కదలకు. కుడి పై గడిలో కాలేయం. ఎడమ పై గడిలో ప్లీహం. కుడి కింద గడిలో అపెండిక్సు. అత్తా, కుడి అంటే ఎవరి కుడి?"

"నీ కుడి."

"తప్పు. నాకు ఎదురుగా ఉన్నా, పక్కనున్నా, నెత్తి మీదున్నా, పడుకున్నవాళ్ళ కుడే కుడి. మా మేడమ్ మొదటి రోజే చెప్పింది. మంచం దగ్గరికి వెళ్ళాక మీకు కుడీ ఎడమా లేవు అని."

అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. సుద్ద మరకలు చీరకి రెండు ఉతుకుల దాకా పోలేదు.

ఆ తర్వాత ఆసుపత్రిలోకి పొత్తు పట్టీ అని ఒకటి వచ్చింది. ఆ వార్డు పెద్ద డాక్టర్ వేదవతి గారు కనిపెట్టింది. రోగి మెడకి ఒకటి కడతారు, కనిపెట్టుకునే మనిషి మణికట్టుకి ఒకటి. నెల రోజులు రోజూ కాసేపు కట్టి, ఇద్దరి నరాలకీ పొత్తు కుదిరేదాకా చూస్తారు. కుదిరాక రోగి ఒంట్లో ఏమవుతోందో ఈ మనిషికి తన ఒంట్లోనే అవుతున్నట్టు తెలుస్తుంది.

రత్నానికి ఇచ్చిన రోగి గౌరునాయుడు గారు. పోర్టులో క్రేన్ నడిపేవారు. మనిషి భారీ, మీసాలూ భారీవే. ఇనుప దూలం తగిలి పడిపోయి, ఏడాదికి పైగా మంచం మీదే ఉన్నారు. పొత్తు కుదిరిన రోజు రత్నం పట్టీ కట్టుకోగానే నిప్పు మీద అడుగేసినట్టు కుడి కాలు పైకెత్తేసిందట. డాక్టరమ్మా, చుట్టూ ఉన్నవాళ్ళూ అందరూ బెదిరిపోయారట. రత్నం గబగబా వెళ్ళి నాయుడు గారి కుడి మడమ ఎత్తి చూస్తే, దుప్పటి మడతలో ఇంజక్షన్ సూదికి ఉండే ప్లాస్టిక్ మూత. ఎప్పటి నుంచి గుచ్చుకుంటోందో, చర్మం నల్లబడి ఉంది. అది తీసేశాక రత్నం "అమ్మయ్య" అందట. నాయుడు గారి భార్య ఆమె కాళ్ళ మీద పడి ఏడ్చింది. "మా ఆయన మాట్లాడాడమ్మా నీ నోట" అందట.

ఆ రోజు రత్నం ఫోన్ చేసి ఆ మాట చెబుతూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. గొప్ప పనే. కాదనను. అరవలేని మనిషి అరుపు ఇంకొకరు వినడం కంటే గొప్ప పని ఏముంటుంది.

దానికో నియమం ఉంది. పట్టీ ఉన్నంతసేపూ నీకు తెలిసేదేదీ నీది కాదు. ఊరికే పెట్టలేదు దాన్ని. మొదట్లో మణెమ్మ అనే పిల్లకి పని మధ్యలో తలపోటు వచ్చింది. రాత్రి నిద్ర లేదు కదా, నాదేలే అనుకుని మాత్ర వేసుకుంది. అది ఆమెది కాదు. ఆమె చూసుకుంటున్న ముసలాయన తలలో రక్తనాళం చిట్లింది. తెల్లారేసరికి ఆయన లేడు. మణెమ్మని పనిలోంచి తీసేశారు. ఆ తర్వాత ఆ వార్డులో ఎవరూ "ఇది నా నొప్పి" అన్న మాట నోటంట రానివ్వలేదు.

డ్యూటీ మారేటప్పుడు దిగే పిల్ల ఎక్కే పిల్లకి తల నుంచి పాదాల దాకా ఒక్కొక్క చోటూ అప్పజెప్పాలి. నుదురు బాగుంది, మెడ పట్టేసింది, ఎడమ తుంటి ఒరుసుకుంటోంది అని. ఆ పిల్లలు దానికి అప్పగింతలని పేరు పెట్టుకున్నారు. "పెళ్ళికూతురు జాగ్రత్త, మీసాలు దువ్వు" అని రత్నం తన తర్వాత వచ్చే స్రవంతితో అనేదట. పట్టీ విప్పాక కూడా కొంతసేపు నొప్పి ఒంట్లో ఉండిపోయేది. రాత్రి మిగిలిన అన్నం పొద్దునకి చద్ది అయినట్టు అది చద్ది నొప్పి. స్నానం చేసి, పడుకుని లేస్తే పోతుందనేవారు.

*

సంచి పట్టుకుని రత్నం బస్సెక్కాక నాలుగైదు రోజులు ఫోన్లు సరిగ్గానే వచ్చాయి. తర్వాత జరిగింది కొంత నేను చూశాను, కొంత స్రవంతి చెప్పింది.

ఒకరోజు పొద్దున్న డ్యూటీలో ఉండగా రత్నానికి బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. నాయుడు గారికి అప్పుడే గొట్టం ద్వారా జావ పోశారు. జావ పడలేదేమో అనుకుంది. మధ్యాహ్నానికి నొప్పి కిందికి దిగి, కుడి కింద గడిలో కూర్చుంది. వెంటనే సిస్టర్‌ని పిలిచింది. డాక్టర్లు వచ్చారు. వేదవతి గారు స్వయంగా నాయుడు గారి కడుపు మీద, కుడి వైపు కింద, చెయ్యి పెట్టి నొక్కుతూ "పెరిగిందా?" అని రత్నాన్ని అడిగారు.

డాక్టరమ్మ చెయ్యి దిగుతూంటే చూస్తున్న రత్నం భయంతో తన కడుపు బిగబట్టింది. బిగబడితే నొప్పి పొడిచింది.

"పెరిగింది మేడమ్" అంది.

నాయుడు గారికి స్కానింగ్ తీశారు. పేగుల్లో గాలి అడ్డొచ్చి ఏమీ స్పష్టంగా కనపడలేదు. ఆపరేషన్‌కి ఆయన గుండె తట్టుకోదని యాంటీబయాటిక్, నొప్పికి మందు, రెండూ సెలైన్‌లో ఎక్కించారు. సాయంత్రం అప్పగింతల్లో రత్నం జాగ్రత్తగా చెప్పింది. స్రవంతి పట్టీ కట్టుకుని, కళ్ళు మూసుకుని, కడుపంతా వెతుక్కుంది.

"ఏం లేదక్కా. హాయిగా ఉంది."

"మందు పని చేసింది" అన్నారు డాక్టరమ్మ. వార్డంతా చప్పట్లు. ఇంత తొందరగా కనిపెట్టబట్టే సరిపోయిందని నాయుడు గారి భార్య రత్నానికి జాకెట్టు గుడ్డ పెట్టింది. రత్నం ఆ గుడ్డ పట్టుకుని, వంగి నడుస్తూ క్వార్టర్స్‌కి వెళ్ళి పడుకుంది. చద్ది నొప్పి.

మర్నాడు పొద్దున్న పట్టీ కట్టుకుంటే మళ్ళీ ఉంది. సాయంత్రం స్రవంతి కట్టుకుంటే లేదు. పగలు వస్తోంది, రాత్రి పోతోంది. పగలేగా జావ పోసేది అని, జావ ఆపేశారు. రత్నానికి చలి పుట్టింది. నాయుడు గారికి థర్మామీటరు పెట్టి చూశారు. జ్వరం లేదు. మందు వల్ల పైకి తేలడం లేదనుకున్నారు. రత్నం కడుపు నొప్పికి ఆ పెద్దాయన పస్తున్నాడు.

ఆదివారం నేను క్యారియర్ పట్టుకుని వెళ్ళాను. క్వార్టర్స్ వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. కుడి మోకాలు పొట్టలోకి ముడుచుకుంది. పెదవులు ఎండిపోయాయి. చెయ్యి పట్టుకుంటే కాలుతోంది.

"ఏటే ఇది?"

"నాది కాదత్తా. మా నాయుడు గారిది."

"పట్టీ ఏదీ? కట్టుకోలేదు కదా."

"పొద్దున్న కట్టుకున్నాను. ఇది చద్దిది."

"చద్దన్నం కూడా రెండో పూటకి పాసిపోతుందే. ఇన్ని రోజులుంటుందా? ఒకసారి నిన్ను కూడా చూడమని అడుగు రత్నం. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"అడిగి ఏమనాలి? ఇది నాది అనాలా? మణెమ్మ ఏం చేసిందో మరిచిపోయావా? నాదని చెప్పి మందాపిస్తే, తెల్లారేసరికి ఆయనకేమైనా అయితే? ఆయన పెళ్ళాం మొహం నేను చూడగలనా?"

"మరి నా మొహం?"

రత్నానికి కోపం వచ్చింది. ఆ మనిషిలో అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. "నీకెప్పుడు బాగుందత్తా? నేను తుమ్మితే భయం. బస్సు లేటయితే భయం. వానొస్తే భయం. నువ్వు భయపడ్డ ప్రతిసారీ డాక్టరు దగ్గరికి పరిగెత్తితే ఈ పాటికి నా ఒళ్ళు జల్లెడ అయ్యుండేది."

అది నిజం. నేను అన్నిటికీ భయపడతాను. పిల్లి ఎదురొస్తే భయం, ఫోన్ మోగితే భయం, మోగకపోతే భయం. ఇన్ని భయాల మధ్య ఒకటి నిజమైతే దానికి వేరే గొంతు ఉండదు.

అయినా ఊరుకోలేదు. డాక్టరమ్మ గది దాకా వెళ్ళాను. బయట బల్ల మీద సిస్టర్ గ్రేస్ కమల ఉంది. మంచి మనిషి. నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించింది. "అమ్మా, అది అలాగే ఉంటుంది. పోయిన నెలలో ఇంకో పిల్లకి మోకాళ్ళు వారం రోజులు పట్టేశాయి. ఆ నొప్పులు ఆమె రోగివే. తగ్గాయి. రత్నం మా వార్డులో అందరికంటే బాగా పట్టుకుంటుంది. అందుకే ఎక్కువ మిగులుతుంది" అంది. చెబుతూ నా భుజం నిమిరింది. నేను పిచ్చిదానిలా టీ తాగి, క్యారియర్ గిన్నెలు కడుక్కుని బస్సెక్కాను.

మర్నాడు ఫోన్ మోగింది.

"అత్తా, తగ్గిపోయింది." గొంతులో పాత రత్నం వినపడింది. "పుటుక్కుమని ఏదో వదిలేసినట్టయింది. ఒక్కసారిగా హాయి. చెప్పానా నాది కాదని? నువ్వూ నీ గోలానూ. అన్నం కూడా తిన్నాను. నీ గుత్తొంకాయ బాగుంది."

"నిజమేనా?"

"నీ మీద ఒట్టు. నాయుడు గారికి రేపటి నుంచి జావ మొదలుపెట్టొచ్చని కూడా చెప్పేశాను."

నేను దేవుడి ముందు దీపం పెట్టాను. అంత సంతోషం నాకు చాలా ఏళ్ళుగా లేదు.

*

అపెండిక్సు పగిలినప్పుడు నొప్పి కాసేపు ఆగుతుందట. లోపల బిగిసి ఉన్నది వదులవుతుంది కాబట్టి ఒంటికి హాయిగా ఉంటుందట. ఆ తర్వాత చీము కడుపంతా పరుచుకుంటుంది. ఇది నాకు వేదవతి గారే చెప్పారు, నా ఎదురుగా కుర్చీ వేసుకుని, నా చేతులు పట్టుకుని. అప్పటికి రత్నానికి ఆపరేషన్ చేసి, గొట్టాలు పెట్టి, పొత్తు వార్డుకి ఆనుకున్న గదిలో పడుకోబెట్టారు. స్నానాల గది దగ్గర పడిపోయి ఉంటే స్రవంతి చూసిందట.

రత్నం కళ్ళు తెరవలేదు. మూలగలేదు. నుదురు మాత్రం ముడుచుకునే ఉంది.

"డాక్టరమ్మా, నాకు ఆ పట్టీ కట్టండి. దీనికి ఏమవుతోందో నాకు తెలియాలి. దాహమో, నొప్పో, ఎటు తిప్పి పడుకోబెట్టాలో."

"కుదరదమ్మా. నరాలు ఒకదానికొకటి అలవాటు పడటానికి నెల పడుతుంది."

"రత్నానికి ఆ పట్టీ అలవాటే కదా."

"అలవాటైంది ఆయనతో. మీతో కాదు. ఈమె కోసం ఎవరినీ కుదర్చలేదు."

నాయుడు గారి దాహం రత్నానికి తెలిసేది. ఆయన వీపు కింద దుప్పటి మడత పడితే ఈమె మేలుకునేది. ఈమె కోసం ఎవరినీ కుదర్చలేదు. నేను చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి వేడిగా ఉంది. అంతకంటే నాకేమీ తెలియలేదు. కోర్సు పుస్తకంలో చదివినట్టు తడి దూదితో పెదవులు తుడిచాను. అటు తిప్పాం, ఇటు తిప్పాం. ఎటు తిప్పితే మేలో చెప్పేవాళ్ళు లేరు. పక్క గదిలో స్రవంతి నాయుడు గారి మెడ కింద దిండు సరిచేస్తూ "ఇప్పుడు బాగుందండీ, నాకు తెలుస్తోంది" అంటోంది. గోడ పల్చన. అన్నీ వినిపించేవి.

అంతా అయిపోయాక, కొన్ని వారాలకి, వేదవతి గారి దగ్గరికి వెళ్ళాను. వాళ్ళ ప్రయోగం గురించి పేపర్లో పడింది. నాలుగో మంచం రోగికి, అంటే నాయుడు గారికి, వచ్చిన కడుపు జబ్బుని పట్టీ సాయంతో ముందే గుర్తించి కాపాడామని అందులో ఉంది.

"ఆయనకి ఏ జబ్బూ లేదు కదమ్మా" అన్నాను.

 సన్నగా అయిపోయింది మనిషి. కళ్ళ కింద నలుపు.

"లేదు" అంది.

"మరి అలాగే రాయండి."

"రాస్తే వార్డు మూసేస్తారమ్మా. మళ్ళీ వాళ్ళందరూ ఎవరికీ వినపడకుండా అరుస్తూ పడుంటారు. నాయుడు గారి మడమ కింద ఆ మూత మీకు గుర్తుందా? ఎన్ని రోజులుందో మాకు ఇప్పటికీ తెలియదు." మళ్ళీ తనే అంది, "నియమం మార్చాం. ఇప్పుడు రోజూ పొద్దున్నే పట్టీలు కట్టకముందే పిల్లలకి కూడా వైద్య పరీక్ష చేస్తున్నాం. రత్నం వల్లే."

"రత్నం వల్లే" అన్నాను నేను.  ఆమె చెప్పింది అబద్ధమైతే తిట్టి వచ్చేదాన్ని. అబద్ధం కాదు. అదే నన్ను కాల్చింది. బయటికి వస్తూంటే వరండాలో కొత్తగా చేరిన పిల్లలు తెల్ల యూనిఫారాల్లో బల్లల మీద వరుసగా కూర్చుని, ఒకళ్ళ మణికట్టు ఒకళ్ళు పట్టుకుని నాడి లెక్కపెట్టడం నేర్చుకుంటున్నారు. ఒకతె లెక్క తప్పి పకపకా నవ్వింది. రెండోది "ఒసే, నీ నాడి కాదే, నాది చూడు" అంటోంది.

నాయుడు గారు చలికాలంలో కళ్ళు తెరిచారు. మాట ముద్దగా వస్తోందట, కుడి చెయ్యి కొంచెం కదులుతోందట. అంబులెన్సులో ఇంటికి తీసుకెళ్ళారు. ఆయన భార్య నాకు కబురు పెట్టింది, ఒకసారి వచ్చి చూసి పొమ్మని. నేను వెళ్ళలేదు.

నూకరత్నాన్ని ఆసుపత్రి నుంచే శ్మశానానికి తీసుకెళ్ళారు. ఆమె ఇంటికి తిరిగి రాలేదు. ఆషాఢం ఆఖరి బుధవారం, మధ్యాహ్నం పూట, పోయింది.